పలుపు ఎవరి చేతిలో ఉంది?

అమ్మడూ,

బహ్రెయిన్ రాజధాని మనామాలో ఇస్లామిక్ బ్యాంకు రిస్క్ విభాగంలో నీకు ఉద్యోగం ఖాయమైందని మీ అమ్మ చెప్పగానే కడుపు నిండిపోయింది. ఇరవై రెండేళ్లు ఆ ఊళ్లో ఆ పనే చేసి వచ్చినవాణ్ణి. ఫోన్లో నాలుగు ముక్కలు చెప్పి ఊరుకోబుద్ధి కాక, కూర్చుని రాస్తున్నాను.

హైదరాబాద్ బ్యాంకులో నీకు అబ్బిన ఒక అలవాటును ముందు వదిలించుకోవాలి. మన బ్యాంకింగ్ రెగ్యులేషన్ చట్టం 8వ సెక్షన్ ప్రకారం బ్యాంకు సరుకుల వ్యాపారం చేయకూడదు. డబ్బిస్తుంది, వడ్డీ తీసుకుంటుంది. సరుకు మంచిచెడ్డలు ఖాతాదారుడివే. నువ్వు వెళ్లేచోట వడ్డీ నిషిద్ధం. అందుకని బ్యాంకే సరుకు కొని, దాని మీద తన లాభం ఎంతో చెప్పి, వాయిదాల మీద అమ్ముతుంది. దాన్నే మురాబహా అంటారు. నీ బల్ల మీదికి వచ్చే ఫైళ్లలో ఎక్కువ భాగం ఇవే.

మీ తాతయ్య సంతలో గేదెను కొనడం నువ్వు చూశావు. బేరం కుదిరినా పలుపు చేతికి వచ్చేదాకా గేదె అమ్మేవాడిదే. పలుపు అందుకున్నాక, ఇంటికి తోలుకొచ్చే దారిలో అది కాలు విరగ్గొట్టుకుంటే నష్టం తాతయ్యది. మురాబహాలో బ్యాంకు కూడా అలా పలుపు పట్టుకోవాలి, గంటసేపే అయినా సరే. ఆ గంటలో సరుకు కాలిపోయినా తడిసిపోయినా నష్టం బ్యాంకే భరించాలి. ఆ భారం మోసినందుకే లాభం తీసుకునే హక్కు వస్తుంది. ఆ గంటను ఎగరగొట్టి కాగితాలు మాత్రం రాసుకుంటే, అది పేరు మార్చుకున్న వడ్డీ అప్పు.

నేను ఆ తప్పు చేశాను. చేరిన మూడో ఏడు. ఒక బియ్యం వ్యాపారి ఉండేవాడు, నమ్మకస్తుడు. బ్యాంకు తరఫున ఏజెంటుగా తనే సరుకు కొని, కొన్నానని మాకు కబురు చేయాలి. ఆ తర్వాతే మేము అతనికి అమ్మాలి. మళ్లీ మళ్లీ తిరగడం ఎందుకని ఏజెన్సీ పత్రం మీదా అమ్మకం పత్రం మీదా ఒకే రోజు సంతకాలు చేయించాను. తేదీ ఖాళీగా ఉంచి తర్వాత నింపాను. నాలుగు నెలలకు షరియా ఆడిట్ వచ్చింది, అంటే లావాదేవీలు ఇస్లామిక్ ధర్మశాస్త్రానికి తగినట్టు ఉన్నాయో లేదో చూసే తనిఖీ. ఆడిటర్ సూడాన్ పెద్దాయన. సరఫరాదారు ఇన్వాయిస్, మా అమ్మకం పత్రం పక్కపక్కన పెట్టి, రెండు తేదీల మీదా వేలు ఆనించి నావైపు చూశాడు. మేము అమ్మిన రోజుకి బియ్యం ఇంకా కొననేలేదు. పైగా ఇన్వాయిస్ వ్యాపారి పేరు మీదే ఉంది. అసలు తిరిగి వచ్చింది. లాభం మొత్తం దానధర్మాల ఖాతాలోకి పోయింది. ఆ లాభంలో మా డిపాజిటర్ల వాటా కూడా ఉంది. ఆయన గట్టిగా ఒక్క మాటైనా అనలేదు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

మన దగ్గర ఆపరేషనల్ రిస్క్ అంటే కంప్యూటర్ ఆగిపోవడం, గుమస్తా పొరపాటు, మోసం. అక్కడ కాగితాల వరస తప్పినా రాబడే ఎగిరిపోతుంది. బాకీదారుడు ఆ లోపాన్నే మన మీద ఆయుధంగా తిప్పుతాడు. బహ్రెయిన్‌కు చెందిన షామిల్ బ్యాంక్, బంగ్లాదేశ్ కంపెనీ బెక్సిమ్‌కో కేసు చదువు. బాకీ కట్టాల్సినవాళ్లు, ఈ మురాబహాలు నిజమైన అమ్మకాలు కావు, షరియాకు విరుద్ధం, కనుక చెల్లవు అని వాదించారు. 2004లో ఇంగ్లండ్ అప్పీలు కోర్టు ఒప్పందానికి ఇంగ్లిష్ చట్టమే వర్తిస్తుందని తేల్చి బ్యాంకు పక్షాన నిలిచింది. 2017లో షార్జా కంపెనీ డానా గ్యాస్ అయితే తాను జారీ చేసిన 70 కోట్ల డాలర్ల సుకూక్‌లే, అంటే ఇస్లామిక్ బాండ్లే, షరియాకు తగినవి కావని తానే ప్రకటించింది. లండన్ కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు, మరుసటేడు రాజీ కుదిరింది. కానీ సుకూక్ కొన్నవాళ్లు ఆ నెలలన్నీ ఎలా గడిపి ఉంటారో ఆలోచించు.

ఇజారాలో, అంటే అద్దె ఒప్పందంలో, ఆ గంట ఏళ్ల తరబడి సాగుతుంది. యంత్రం బ్యాంకుది, అద్దె ఖాతాదారుడు కడతాడు. పెద్ద మరమ్మతులు, తకాఫుల్ అనే ఇస్లామిక్ బీమా యజమానిగా బ్యాంకు బాధ్యతే. యంత్రం పూర్తిగా నాశనమైతే అద్దె ఆగిపోతుంది. ఇజారా ఫైలు తెరవగానే బీమా గడువు తేదీ చూడు.

ఆలస్యంగా కట్టేవాడి సంగతి. ఒకసారి చెప్పిన ధర మళ్లీ పెరగదు. ఆలస్యానికి జరిమానా వేసినా అది దానానికే పోతుంది, బ్యాంకు ఆదాయంలో కలవదు. హైదరాబాద్‌లో లాగా ఆలస్యమైతే అదనంగా రాబట్టుకుందామన్న ధీమా ఉండదు. అందుకే మనిషిని ముందే చూడాలి. అతని కొట్టుకు వెళ్లు, అరలు చూడు, సరుకు ఎన్నాళ్లుగా కదల్లేదో అడుగు.

రేట్లు పెరిగినప్పుడు మరో చిక్కు. బహ్రెయిన్ దినార్ డాలర్‌కు కట్టేసి ఉంటుంది. 2022లో అమెరికా రేట్లు పెంచితే ఆ సెగ మనామాకూ తగిలింది. నువ్వు ఇచ్చిన మురాబహాల లాభం పాత లెక్కనే వస్తుంటుంది, డిపాజిటరేమో పక్క బ్యాంకు ఇచ్చే వడ్డీతో పోల్చుకుంటాడు. లాభనష్టాలు పంచుకుంటానని ఒప్పుకునే డబ్బు పెట్టాడు, కానీ లాభం తగ్గితే డబ్బు తీసేస్తాడు. అతన్ని నిలుపుకోవడానికి బ్యాంకు తన వాటా వదులుకుంటుంది, లేదా మంచి ఏడాదిలో దాచిన నిధిని కదుపుతుంది. ఆ నిధి తరిగిపోతుంటే పైవాళ్లకు రాతపూర్వకంగా చెప్పు. నోటిమాట ఎవరికీ గుర్తుండదు.

అన్నిటికన్నా నాకు భయం పుట్టించేది చేతిలో డబ్బు లేకపోవడం. మనామాలోనే ఆర్కాపిటా అని పెద్ద ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు ఉండేది. కంపెనీల్లోనూ భవనాల్లోనూ ఏళ్లకు గానీ తిరిగిరాని పెట్టుబడులు దానివి. 2012 మార్చిలో 110 కోట్ల డాలర్ల మురాబహా బాకీ తీర్చాల్సిన గడువు ముంచుకొచ్చింది. గడువుకు కొద్ది రోజుల ముందు న్యూయార్క్ కోర్టులో దివాలా రక్షణ కోరింది. ఆస్తి ఉన్నా పనికిరాలేదు, వారంలో అమ్ముకోలేని ఆస్తి అది. ఇస్లామిక్ బ్యాంకు వడ్డీకి రాత్రికి రాత్రి అప్పు తెచ్చుకోలేదు. బహ్రెయిన్ ద్రవ్య అధికార సంస్థ 2001లోనే అల్యూమినియం ఆధారంగా స్వల్పకాలిక సలమ్ (డబ్బు ముందు, సరుకు తర్వాత) సుకూక్‌లు మొదలుపెట్టింది, బ్యాంకుల మిగులు డబ్బుకు ఒక చోటు ఉండాలనే. ఏది ఎన్ని రోజుల్లో చేతికొస్తుందో లెక్క ప్రతి ఉదయం నీ కళ్లముందు ఉండాలి.

ఇంకొకటి. నేను హిందువును, వాళ్ల ధర్మం గురించి ఏం అడుగుతానులే అని మొదటి రెండేళ్లు షరియా బోర్డు పండితుల ముందు నోరు విప్పలేదు. అది నా పొరపాటు. అడిగినవాళ్లకు వాళ్లు ఎంత ఓపికగా చెబుతారో తర్వాత తెలిసింది. ఆ సూడాన్ పెద్దాయనే సాయంత్రాలు టీ పోయించి అకౌంటింగ్ ప్రమాణాలు ఒక్కొక్కటీ విప్పి చెప్పారు. ఆ ప్రమాణాలు రాసే సంస్థ అయోఫీ మనామాలోనే ఉంది. నువ్వు మొదటి రోజే అడుగు.

చేరిన వారంలోనే ఒక మురాబహా ఫైలు పట్టుకుని హిద్ వైపు గోదాములకు వెళ్లు. డెలివరీ ఆర్డర్ చేతిలో ఉంచుకుని బస్తాలు లెక్కపెట్టు. తలుపుకు ఎవరి తాళం ఉందో చూసి, ఆ రాత్రే నాకు ఫోన్ చెయ్యి.

మీ మామయ్య
రాజోలు