ఓడితే రాకెట్ విసిరేస్తోంది

ప్రశ్న: మా పాపకు 11 ఏళ్లు. బ్యాడ్మింటన్‌లో ఓడితే రాకెట్ విసిరేస్తోంది. అవతలి అమ్మాయితో చెయ్యి కూడా కలపదు. ఏం చేయాలి?

జవాబు: ఏడిస్తే ఏడవనివ్వండమ్మా, అది తప్పు కాదు. రాకెట్ విసిరితే మాత్రం ఆ రోజుకి ఆట బంద్ అని ముందే చెప్పండి. కోచ్‌తోనూ ఆ మాటే అనిపించండి. ఇంటికొచ్చే దారిలో మ్యాచ్ ఊసు మీరు ఎత్తొద్దు. చాలామంది బండి ఎక్కీ ఎక్కకముందే తప్పులు లెక్కపెడతారు. పిల్లల కోపంలో సగం అక్కడే పుడుతుందని నా నమ్మకం. "ఆకలేస్తోందా?" అని అడగండి, చాలు.

2016 రియో ఒలింపిక్స్ ఫైనల్లో మూడు గేముల పాటు పోరాడి ఓడిన పి.వి.సింధు, గెలిచిన ఆనందంలో కోర్టులో కూలబడి ఏడుస్తున్న కరోలినా మారిన్ దగ్గరికెళ్లి హత్తుకుంది. కింద పడి ఉన్న ఆమె రాకెట్ తీసి పక్కన పెట్టింది. ఆ వీడియో పాపతో కలిసి చూడండి, ఉపన్యాసం లేకుండా. గ్యాలరీలోంచి అంపైర్ మీద మీరూ అరవకండి, పాప మిమ్మల్నే చూస్తుంటుంది.