మలుపులో బోల్తా: పోటీ పరీక్షల ప్రత్యేకం

పులివెందుల అరటి గెలలు లారీల్లో ఢిల్లీ దాకా వెళ్తాయి. అలా ఎత్తుగా లోడు వేసిన లారీ, జమ్మలమడుగు నుంచి గండికోటకు కొండెక్కే దారిలో మలుపు తిరుగుతోందనుకుందాం. అందుకు కావలసిన అభికేంద్ర బలాన్ని టైర్ల కింది ఘర్షణ ఇస్తుంది. ఆ బలం నేల మట్టాన పనిచేస్తుంది, గరిమనాభి మాత్రం పైన ఉంటుంది. అందుకే బండి బయటివైపు ఒరుగుతుంది, లోపలి చక్రాల మీద భారం తగ్గుతుంది. ఆ భారం సున్నా అయితే బోల్తా అంచుకు వచ్చినట్టే.

సూత్రం: వేగ వర్గం = గురుత్వ త్వరణం × మలుపు వ్యాసార్ధం × (చక్రాల మధ్య దూరంలో సగం ÷ గరిమనాభి ఎత్తు).

వ్యాసార్ధం 40 మీటర్లు, చక్రాల మధ్య దూరం 2 మీటర్లు, గరిమనాభి ఎత్తు 2 మీటర్లు అనుకుంటే హద్దు సెకనుకు 14 మీటర్లు, అంటే గంటకు సుమారు 50 కిలోమీటర్లు. ఎత్తు 1 మీటరే అయితే హద్దు 71కి పెరుగుతుంది. కానీ ఘర్షణ గుణకం 0.7 ఉన్న రోడ్డు మీద ఆ బండి 60 దగ్గరే పక్కకు జారిపోతుంది. బ్రాకెట్లోని నిష్పత్తి ఘర్షణ గుణకం కంటే తక్కువైతే ముందు బోల్తా, ఎక్కువైతే ముందు జారడం. పరీక్షలో అసలు కీలకం ఇదే.

ప్రొద్దుటూరు వీధుల్లో తిరిగే మూడు చక్రాల ఆటోకు ముందు ఒకే చక్రం. ఒరిగేటప్పుడు ఆనుకునే గీత ముందు చక్రం నుంచి వెనక చక్రానికి ఏటవాలుగా పోతుంది కాబట్టి దాని నిలకడ ఇంకా తక్కువ.

సూత్రంలో ద్రవ్యరాశి లేదని గమనించండి. ‘బరువెక్కువైతే బోల్తా పడుతుంది’ అనే ఐచ్ఛికం కనిపిస్తే దాన్ని గుర్తించకండి. బరువు ఎంత ఎత్తున ఉందన్నదే లెక్క.