పునర్విభజనలో ముదినేపల్లి: గుర్తుంచుకోవాల్సిన అంశాలు

నియోజకవర్గాల పునర్విభజన: జనాభా లెక్కల ఆధారంగా సరిహద్దులను తిరిగి నిర్ణయించడం.

అధికరణలు: 82 – లోక్‌సభ, 170 – శాసనసభ, 329 – కోర్టుల జోక్యానికి వీల్లేదు.

చట్టం: 2002. కమిషన్ ఛైర్మన్: జస్టిస్ కుల్దీప్ సింగ్. ఆధారం: 2001 జనగణన (87వ సవరణ, 2003). అమలు: 2008. తొలి సార్వత్రిక ఎన్నికలు: 2009.

రద్దయిన అసెంబ్లీ స్థానాల్లో ఒకటి: ముదినేపల్లి.

కొత్తగా ఏర్పడిన స్థానాల్లో కొన్ని: పెడన, పామర్రు (ఎస్సీ), పెనమలూరు. మూడూ మచిలీపట్నం లోక్‌సభ పరిధిలోనివే.

కైకలూరు సెగ్మెంట్ (ఏలూరు లోక్‌సభ): కైకలూరు, కలిదిండి, మండవల్లి, ముదినేపల్లి మండలాలు.

తికమక పెట్టే అంశం: ముదినేపల్లి ఓటరుకు పక్క పట్టణం గుడివాడ, అది మచిలీపట్నం లోక్‌సభ పరిధి. ముదినేపల్లి ఓటు మాత్రం ఏలూరు లోక్‌సభకు. 2022 ఏప్రిల్ 4 నుంచి జిల్లా కూడా ఏలూరే.

తప్పక గుర్తుంచుకోండి: జిల్లాల విభజనతో లోక్‌సభ సరిహద్దులు మారవు.