ఆటపటం – న్యాయం

ఆటలో న్యాయమంటే అందరికీ ఒకే బలం ఇవ్వడమని సాధారణంగా భావిస్తాము. మన అరుగుల మీద గీసే పులిజూదం ఈ భావనను సరిదిద్దుతుంది. ప్రసిద్ధమైన ఒక పద్ధతిలో 3 పులులు, 15 మేకలు, 23 కూడళ్లు. పులి మేక మీదుగా దూకి చంపగలదు. మేకకు ఆ శక్తి లేదు. అయినా మేకలు కలసికట్టుగా దారులు మూస్తే పులులు కదలలేవు. బలాలు వేరైనా గెలుపు ఇరుపక్షాలకూ సాధ్యమే. సంఖ్యతోపాటు గీతల అమరిక ఈ సమతూకాన్ని కల్పిస్తున్నది.

ఆడేవారు ఇద్దరిని మించినప్పుడు గీతకు మాట తోడవుతుంది. అమెరికా దేశీయుడు ఆలన్ కాల్హమర్ రూపొందించగా 1959లో వెలువడిన ‘డిప్లొమసీ’ ఆటలో పాచికలు లేవు, సంప్రదింపులే ఆయుధాలు. మొదటి ప్రపంచయుద్ధానికి పూర్వపు ఐరోపా పటం మీద ఏడు రాజ్యాలు పోటీపడతాయి. 34 సరఫరా కేంద్రాలలో 18 గెలిచినవారు విజేతలు. ఆరంభంలో రష్యాకు నాలుగు కేంద్రాలు, తక్కిన రాజ్యాలకు మూడేసి. కాని రష్యాకు పొరుగువారెక్కువ. టర్కీ మూలన ఉండి సురక్షితం; ఆస్ట్రియాకు నలువైపులా భయం. ఈ హెచ్చుతగ్గులను సంధి సవరిస్తుంది: ఒకరు పెరిగితే తక్కినవారు ఏకమవుతారు.

విద్యార్థులు మన ప్రాంతాన్నే ఆటపటంగా గీసి చూడవచ్చు. కామారెడ్డికి రైలుమార్గం, జాతీయ రహదారి ఉన్నాయి. ఎల్లారెడ్డికి రైలు లేదు; నిజాంసాగరం చేరువ. రెండింటికీ సమానంగా గళ్లు పంచడం సులభమే, కాని అంతటితో న్యాయం చేకూరదు. ఒకరికి కావలసినది మరొకరి చేతిలో ఉండేటట్లు గీయాలి. ఇవ్వడానికి ఏమీ లేనివానిని సంప్రదింపులకు పిలిచినా అతడు ప్రేక్షకుడే అవుతాడు.