ఒక్క ‘లైట్’... ఎన్ని అర్థాలో!

మార్చి 3న జంషెట్జీ టాటా జయంతి. జంషెడ్‌పూర్‌లో జూబ్లీ పార్కు దీపాలతో మెరిసిపోతుంది. ‘లైటింగ్ చూద్దాం పదండి’ అని పిల్లలు తొందరపెడతారు. ఈసారి ఆ ‘లైట్’ అనే చిన్న మాటనే పాఠంగా తీసుకుందాం.

నిజానికి ఇది ఒక మాట కాదు, రెండు. వెలుతురు అనే అర్థమున్న లైట్, బరువు తక్కువ అనే అర్థమున్న లైట్ పాత ఇంగ్లీషులో వేర్వేరు మాటలు. కాలక్రమంలో రెండింటి ఉచ్చారణ, స్పెల్లింగు ఒకటైపోయాయి.

మొదటి మాటకు దీపం, వెలుతురు, వెలిగించడం అనే అర్థాలున్నాయి. ‘కమ్ టు లైట్’ అంటే బయటపడటం. బ్యాంకు సర్క్యులర్లలో కనిపించే ‘ఇన్ ద లైట్ ఆఫ్’కు ‘దృష్ట్యా’ అనాలి. ‘లైట్ బ్లూ’ కూడా ఈ కుటుంబానిదే. హిందీలో రంగుకూ బరువుకూ ‘హల్కా’ సరిపోతుంది. మనం మాత్రం బరువుకు తేలిక అని, రంగుకు లేత అని అంటాం. ‘తేలిక నీలం’ తెలుగు కాదు, ‘లేత నీలం’ అనాలి.

రెండో మాట సంగతి చూడండి. లైట్ లగేజీ తేలికైన సామాను, లైట్ రెయిన్ చిరుజల్లు. లైట్ స్లీపర్ అంటే చిన్న చప్పుడుకే మేల్కొనే మనిషి. ‘లైట్ తీసుకో’ అన్నది మనవాళ్లు అల్లుకున్న వాడుక.

అన్నిచోట్లా లైట్ తీసుకుంటే కుదరదు. 1954 నుంచి ట్రక్కులు తయారవుతున్న ఈ ఊరికి ‘లైట్ మోటార్ వెహికల్’ కొత్త మాట కాదు. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రవాణా వాహనం సరుకుతో కలిపి 7,500 కిలోలు మించకపోతేనే లైట్. ఆ లైసెన్సుతో అలాంటి రవాణా వాహనం నడపవచ్చా? ప్రమాద పరిహారం కేసుల్లో బీమా కంపెనీలు ఈ ప్రశ్న లేవనెత్తాయి. 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నడపవచ్చని తేల్చింది. ఒక్క మాట అర్థం మీద ఎన్నో కుటుంబాల పరిహారం ఆధారపడింది!

పిల్లలూ, వీటిని తెలుగులో చెప్పండి:
1. లైట్ ద ల్యాంప్.
2. షీ లైక్స్ లైట్ గ్రీన్.
3. డోంట్ మేక్ లైట్ ఆఫ్ హిజ్ ఫీవర్.

జవాబులు:
1. దీపం వెలిగించు.
2. ఆమెకు లేత ఆకుపచ్చ ఇష్టం.
3. అతని జ్వరాన్ని తేలిగ్గా తీసుకోకు.