ఉబుంటు మెనూ స్థానంలో మింట్ మెనూ

ప్రశ్న: లాప్‌టాప్‌లో ఉబుంటు, లినక్స్ మింట్ రెండూ వేసుకున్నాను. మింట్ అప్‌డేట్ అయినప్పుడల్లా ఉబుంటు బూట్ మెనూ పోయి మింట్ మెనూ వస్తోంది. ఉబుంటును అందులో వెతుక్కోవాల్సి వస్తోంది. మళ్లీ ఇన్‌స్టాల్ చేయాలా?
– ఒక పాఠకుడు, డిండోలి, సూరత్

జవాబు: అక్కర్లేదండి, మీ ఫైళ్లు భద్రం. యూఈఎఫ్ఐ కంప్యూటర్లలో ఫెడోరా, డెబియన్ వంటివి ఈఎఫ్ఐ పార్టిషన్‌లో సొంత పేరుతో ఫోల్డర్ పెట్టుకుంటాయి. మింట్ మాత్రం ఉబుంటు పేరునే వాడుతుంది. అందుకే బూట్ మెనూ చూపే గ్రబ్‌ను చివరగా రాసిన సిస్టమే పెత్తనం చేస్తుంది.

మెనూ బాధ్యత ఒక్కదానికే అప్పగించండి. ఉబుంటులోకి వెళ్లి గ్రబ్-ఇన్‌స్టాల్ నడపండి. తర్వాత గ్రబ్.డి ఫోల్డర్‌లోని 40_కస్టమ్ ఫైల్‌లో మింట్‌కు ఒక ఎంట్రీ రాయండి. అందులో కెర్నల్ పేరు రాయకండి, అప్‌డేట్ రాగానే అది పాతబడుతుంది. మింట్ పార్టిషన్‌ను యూయూఐడీతో వెతికి, కాన్ఫిగ్‌ఫైల్ ఆదేశంతో మింట్ సొంత గ్రబ్.సీఎఫ్‌జీని తెరిపించండి. కొత్త కెర్నల్ వచ్చినా ఎంట్రీ ముట్టుకోనక్కర్లేదు. చివరగా అప్‌డేట్-గ్రబ్ నడపండి.

గ్రబ్ 2.06 నుంచి ఇతర సిస్టమ్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్ మామూలుగా ఆపేసి ఉంటుంది. దాన్ని నమ్ముకోవడం కన్నా చేత్తో రాసిన ఎంట్రీయే మేలు.

అప్‌డేట్‌లో మింట్ మళ్లీ గ్రబ్‌ను రాయకుండా, మింట్‌లో గ్రబ్ సైన్డ్, షిమ్ సైన్డ్ ప్యాకేజీలను ఏపీటీ-మార్క్‌తో హోల్డ్‌లో పెట్టండి. మొదలుపెట్టే ముందు లైవ్ యూఎస్‌బీ ఒకటి తప్పకుండా సిద్ధం చేసుకోండి.