ట్యాబ్‌ని పారెయ్యకు చెల్లీ, పని మార్చు

సువైక్‌లో ఉంటున్న చెల్లీ, నీ దిగులేమిటో నాకు తెలుసులే. 2020 మార్చిలో ఒమాన్ అంతటా బడులు మూతపడ్డప్పుడు ఆన్‌లైన్ క్లాసుల కోసం ఉన్నపళంగా ట్యాబ్ కొన్నాం. ఆ నెల ఇంటి ఖర్చు ఎలా సర్దుకున్నామో మనకే తెలుసు. ఇప్పుడు పిల్లాడు ములద్దాలోని ఇండియన్ స్కూల్లో పై క్లాసుకొచ్చేశాడు. ట్యాబేమో ఏ యాప్ వేయబోయినా ‘ఈ పరికరంలో పనిచేయదు’ అంటూ మొండికేస్తోంది. అద్దం మీద గీత కూడా పడలేదు, అప్పుడే పాతదైపోయిందా అని మనసు చివుక్కుమనదూ?

ముందు ఆ టీ చల్లారకుండా తాగు. తప్పు నీదీ కాదు, ట్యాబ్‌దీ కాదు. 2019లో వచ్చిన ఏడో తరం ఐప్యాడ్‌కి ఐప్యాడ్‌ఓఎస్ 18తోనే సరి, 2025లో వచ్చిన 26 దానికి లేదు. ఆండ్రాయిడ్ 10తో వచ్చిన శాంసంగ్ గెలాక్సీ ట్యాబ్ ఏ7 అయితే 12 దగ్గరే ఆగిపోయింది. కొత్త సాఫ్ట్‌వేర్‌ని పాత చిప్ మోయలేదన్న మాట కొంత నిజమే. కానీ మనసుంటే మార్గం ఉండదా? 2014 నాటి ఐప్యాడ్ ఎయిర్ 2కి యాపిల్ 2025లో కూడా భద్రతా అప్‌డేట్ ఇచ్చింది మరి!

‘మన చేత మళ్ళీ కొనిపించడానికే ఇలా చేస్తారా అక్కా?’ అంటావు. నీ అనుమానం ఊరికే వచ్చింది కాదు. 1924లోనే పెద్ద పెద్ద బల్బుల కంపెనీలు కూడబలుక్కుని, బల్బు ఆయుష్షు 1000 గంటలు దాటకూడదని కట్టడి పెట్టుకున్నాయి. అప్‌డేట్‌తో పాత ఐఫోన్లు నెమ్మదిస్తాయని ముందుగా చెప్పనందుకు 2020లో ఫ్రాన్స్ యాపిల్‌కి 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. అందుకని కోపం తెచ్చుకో, ఫరవాలేదు. ఆ కోపంలో ట్యాబ్‌ని మాత్రం చెత్తబుట్టలో వెయ్యకు.

అప్‌డేట్లు ఆగితే భయమా? కొంచెం ఉండాల్సిందే. కొత్తగా బయటపడే లోపాలను ఇక ఎవరూ సరిచెయ్యరు కదా. కాబట్టి ఈ రోజే సెట్టింగ్స్‌లోకి వెళ్ళి చివరి భద్రతా అప్‌డేట్ తేదీ చూడు. ఏడాది దాటిందా, బ్యాంకు యాప్ తీసెయ్. దాచిపెట్టిన పాస్‌వర్డ్‌లు తుడిచెయ్. నీ అసలు మెయిల్ అకౌంట్ కూడా తీసేసి, ట్యాబ్ వరకు వేరే అకౌంట్ పెట్టు. డబ్బు వ్యవహారాలన్నీ ఫోన్లోనే చూసుకుందాం. ఐప్యాడ్ అయితే ఇంకో చిట్కా. ఇదివరకు దించుకున్న యాప్‌ల జాబితా తెరిచి అక్కణ్ణుంచి వేసుకో, చాలా యాప్‌లకు దానికి సరిపడే పాత వెర్షన్ ఇస్తుంది. ఆ తర్వాత దాన్ని వంటగట్టు మీద పాటలకో, పిల్లాడి పాఠాల పీడీఎఫ్‌లకో, తెలుగు అక్షరాలు దిద్దించడానికో పెట్టుకో.

ఛార్జింగ్ నిలవడం లేదా? బాతినా ఎండ సంగతి మనకి కొత్తా! 35 డిగ్రీలు దాటని చోటే ఐప్యాడ్ వాడమని యాపిలే చెబుతుంది. మనమేమో సూక్ దగ్గర కారు ఎండలో ఆపి, ట్యాబ్‌ని వెనక సీటు మీద వదిలేసి చేపలు బేరమాడతాం. ఇకమీదట సంచిలో వేసుకుని వెంట తీసుకెళ్ళు. బ్యాటరీ నీరసించిందంటే మార్పించు. గాస్కెట్ పోయిందని కుక్కర్ పారేస్తామా? సువైక్‌లో కుదరకపోతే మస్కట్ వెళ్ళినప్పుడు రూవీలో అడుగు. వెనక భాగం ఉబ్బి, అద్దం లేచినట్టుంటే మాత్రం ఛార్జింగ్ పెట్టనే పెట్టకు, రిపేరువాడికి చూపించు.

సెలవులకి ఊరెళ్ళేటప్పుడు అత్తయ్యగారికి ఇద్దామనుకుంటున్నావా? మంచి ఆలోచన. ముందు నీ అకౌంట్ నుంచి సైన్ అవుట్ అయ్యి, తర్వాత మొత్తం చెరిపెయ్. లేకపోతే అక్కడ అది తెరుచుకోదు, అత్తయ్యగారు ఫోన్ మీద ఫోన్ చేస్తారు! విమానంలో చేతిబ్యాగులోనే పెట్టుకో, లగేజీలో వెయ్యకు.

ఇక కొత్తది కొనక తప్పదంటావా? అలాగే కొందాం. కెమెరా, రంగు తర్వాత. ‘అప్‌డేట్లు ఎన్నేళ్ళు వస్తాయి?’ అన్నదే మొదటి ప్రశ్న. ఆ ఏళ్ళు సాధారణంగా మోడల్ విడుదలైన నాటి నుంచి లెక్క, మనం కొన్న నాటి నుంచి కాదు. ఆఫర్లో పెట్టిన పాత మోడల్‌కి సగం ఆయుష్షు కొట్లోనే అయిపోయి ఉంటుంది. 60 రియాళ్ళది రెండేళ్ళు వస్తే ఏడాదికి 30 రియాళ్ళు పడ్డట్టు. 90 రియాళ్ళది ఆరేళ్ళు వస్తే ఏడాదికి 15. ఏది చవకో నువ్వే చెప్పు. యూరప్‌లో అయితే, ఒక మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం 5 ఏళ్ళు అప్‌డేట్లు ఇవ్వాలన్న నిబంధన 2025 జూన్ 20 నుంచి అమల్లోకి వచ్చింది. అది మనకి ఇక్కడ వర్తించకపోయినా, అదే మోడల్ అక్కడా అమ్ముతున్నారేమో చూసుకుని కొనడంలో తెలివి ఉంది.

కొట్టబ్బాయి ‘తెలియదు మేడమ్’ అన్నాడనుకో, ‘కనుక్కుని చెప్పు, రేపొస్తా’ అని పర్సు మూసుకుని వచ్చెయ్. డబ్బిచ్చేది మనం, మొహమాటం దేనికమ్మా?